బేటన్ రూజ్ నుంచి సూపర్‌డోమ్ దాకా: ఎల్‌ఎస్‌యూ 2019 సీజన్ దారి వెంట

ఆగస్టు 31, శనివారం, బేటన్ రూజ్

హ్యూస్టన్ నుంచి బేటన్ రూజ్ 270 మైళ్ళు, మొత్తం ఐ-10 మీదే. మ్యాప్ నాలుగు గంటలు చూపిస్తుంది కానీ, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం ఆ లెక్క నమ్ముకుంటే ఇరుక్కుపోతారు. లఫాయెట్ దాటాక అచాఫలాయా చిత్తడి నేల మీద 18 మైళ్ళ వంతెన ఉంది. మధ్యలో దిగడానికి రెండే దారులు. ముందు ఒక్క లారీ అడ్డం తిరిగిందంటే గంటల తరబడి బండి కదలదు. అది గడిచాక మిసిసిపీ నది వంతెన. తూర్పు ఒడ్డున దిగగానే ఐ-10 కాసేపు ఒకే లేన్‌కి సన్నబడుతుంది. అందుకే రాత్రి మ్యాచ్‌కి కూడా ఇక్కడి జనం పొద్దున్నే చేరి డేరాలు వేసుకుంటారు.

టైగర్ స్టేడియంలో 1,02,321 మంది పడతారు. బ్యాగ్ పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పుకి మించకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగ్‌తో గేటు దాకా వెళ్ళినవాళ్ళు మళ్ళీ కారు దాకా నడవాలి, అది మైలు దూరంలో ఉంటుంది. యూనివర్సిటీ జట్టు చిహ్నమైన నిజం పులి, మైక్, స్టేడియం ఎదుటే ఆవరణలో ఉంటుంది. చూడటానికి టికెట్ లేదు.

డేరాల కింద వండే జంబలాయా మన చేతికి తెలిసిన వంటే, పులావుకి దగ్గరి చుట్టం. 20 మందికి 3 పౌండ్ల పొడవు గింజ బియ్యం, 4 పౌండ్ల పంది మాంసం, 3 పౌండ్ల సాసేజ్, 3 పౌండ్ల ఉల్లిపాయలు, కొంచెం క్యాప్సికమ్, సెలెరీ. ఇనుప మూకుడులో మాంసం అడుగంటి ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించాలి. తర్వాత వేసే ఉల్లిపాయల నీరే ఆ అడుగుని కరిగిస్తుంది. జంబలాయా రంగంతా అక్కడి నుంచి వచ్చేదే. మాంసం సరిగా వేగకపోతే అన్నం తెల్లగా, చప్పగా మిగులుతుంది. కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్ళు. మరుగు వచ్చాక బియ్యం వేసి, మళ్ళీ పొంగగానే మంట తగ్గించి మూత పెట్టి 25 నుంచి 30 నిమిషాలు వదిలేయాలి. మధ్యలో ఒక్కసారి కిందది పైకి తిప్పొచ్చు, అంతే. గరిటె పెట్టి కలుపుతూ ఉంటే ముద్దయిపోతుంది. శాకాహారులకి ఒక మాట: రెడ్ బీన్స్ అని పేరు చూసి మోసపోవద్దు, అందులోనూ దాదాపు ఎప్పుడూ మాంసం ముక్క ఉంటుంది.

ఇక మ్యాచ్. జార్జియా సదరన్ మీద 55-3. క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాసులు వేసేవాడు) జో బరో మొదటి సగంలోనే ఐదు టచ్‌డౌన్ పాసులు వేశాడు. బంతితో ప్రత్యర్థి గోల్ లైన్ దాటడమే టచ్‌డౌన్. ప్రత్యర్థి చిన్నది కాబట్టి స్కోరు పట్టించుకోనక్కర్లేదు, ఆడిన తీరు మాత్రం చూడాల్సింది. ఎల్‌ఎస్‌యూ అంటే అంతకుముందు దాకా బంతి పట్టుకుని గుంపులోకి దూసుకెళ్ళే జట్టు. హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్ ఆ ఏడాది న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు నుంచి జో బ్రేడీ అనే 29 ఏళ్ళ కుర్రాణ్ణి తెచ్చి, అఫెన్స్ (దాడి ఆట) కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్ పక్కన కూర్చోబెట్టాడు. వాళ్ళు ఐదుగురిని వెడల్పుగా పరిచారు, క్వార్టర్‌బ్యాక్ పక్కన ఎవరినీ ఉంచలేదు. కాపలాకి ఐదుగురు లైన్‌మెన్ మాత్రమే. అవతల ఆరో మనిషి మీదికి వస్తే అతన్ని అడ్డుకునేవాడు లేడు. బంతి అందకముందే ఆ ఆరోవాడు ఎటునుంచి వస్తాడో క్వార్టర్‌బ్యాక్ పసిగట్టాలి, రెండున్నర సెకన్లలో వదిలేయాలి. లేకపోతే నేల మీద పడతాడు.

సెప్టెంబరు 7, శనివారం, ఆస్టిన్

బేటన్ రూజ్ నుంచి 430 మైళ్ళు. ముందు హ్యూస్టన్, అక్కడి నుంచి 290 రోడ్డు లేదా 71 పట్టుకోవాలి. మ్యాచ్ సాయంత్రం 6:30కి, అంటే హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకి. సెప్టెంబరు మొదటి వారంలో టెక్సస్‌లో సాయంత్రమైనా ఎండ వేడి తగ్గదు, పగలంతా కాలిన సిమెంటు రాత్రి కూడా సెగ వదులుతుంది. స్టేడియంలో తొంభై వేల పైచిలుకు జనం.

టెక్సస్ యూనివర్సిటీ జట్టు ర్యాంకు 9, ఎల్‌ఎస్‌యూ 6. మొదటి సగంలో టెక్సస్ రెండుసార్లు గోల్ లైన్ గుమ్మం దాకా వచ్చి, నాలుగో డౌన్‌లో, అంటే చివరి ప్రయత్నంలో, బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చే ఫీల్డ్ గోల్ వద్దని టచ్‌డౌన్‌కే పోయి, రెండుసార్లూ ఖాళీ చేతులతో తిరిగింది. మూడేసి పాయింట్లు తీసుకుని ఉంటే చివర్లో ఆట వేరేలా ఉండేది. విరామానికి 20-7. రెండో సగంలో ఎల్‌ఎస్‌యూ డిఫెండర్లు కాళ్ళ కండరాలు పట్టేసి ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. స్టాండ్స్‌లో జనం నాటకాలని అరిచారు. ఆ వేడిలో చెమటతో పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉత్త నీళ్ళు తాగితే ఆ ఉప్పు తిరిగి రాదు. డిఫెన్స్ అలా వాడిపోయాక టెక్సస్ గుక్కతిప్పుకోనివ్వకుండా స్కోరు చేసుకుంటూ 37-31కి వచ్చేసింది.

మూడు నిమిషాలు కూడా లేవు. ఎల్‌ఎస్‌యూ తన 39 యార్డు గీత దగ్గర, మూడో డౌన్, ఇంకా 17 యార్డులు కావాలి. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకెళ్ళాలి, నాలుగోది మామూలుగా పంట్‌కే (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి వదిలేయడానికే) పోతుంది కాబట్టి లెక్కకి మూడే. జాగ్రత్తపరుడైన కోచ్ ఇక్కడ బంతిని గుంపులోకి పరుగు పెట్టించి, కొన్ని సెకన్లు గడిపి, పంట్ కొట్టి డిఫెన్స్ మీద భారం వేస్తాడు. కానీ ఆ డిఫెన్స్ నిలబడే స్థితిలో లేదు. ఓర్జెరాన్ పాస్ వేయించాడు. టెక్సస్ బ్లిట్జ్ చేసింది, అంటే మామూలుకంటే ఎక్కువ మంది డిఫెండర్లని బరో మీదికి తోసింది. బరో ఒక అడుగు పక్కకి జరిగి, దెబ్బ తగలబోతుండగా మైదానం మధ్యలోకి విసిరాడు. రిసీవర్ (పాసులు పట్టేవాడు) జస్టిన్ జెఫర్సన్ పట్టుకుని ఆగకుండా గోల్ లైన్ దాటాడు. 61 యార్డులు, గడియారంలో 2:27. టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు ప్రయత్నంలో రెండు పాయింట్లు కూడా పడి 45-31. టెక్సస్ మరో టచ్‌డౌన్ చేసి 45-38 దాకా మాత్రమే రాగలిగింది. బరో 39 పాసుల్లో 31 చేర్చి 471 యార్డులు సంపాదించాడు. జెఫర్సన్, జమార్ చేస్, టెరస్ మార్షల్ ముగ్గురూ తలా వంద యార్డులు దాటారు. ఒకరిని కట్టేస్తే ఇంకొకరు దొరుకుతారన్న సంగతి దేశమంతటికీ తెలిసింది ఆ రాత్రే.

సెప్టెంబరు 14 నుంచి అక్టోబరు 5

నార్త్‌వెస్టర్న్ స్టేట్ మీద 65-14. నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ మీద 66-38. వాండర్‌బిల్ట్ స్టేడియం చిన్నది, అప్పట్లో నలభై వేల చిల్లరే, ఎల్‌ఎస్‌యూ ఊదా-బంగారు చొక్కాలు ఇంటివాళ్ళకంటే ఎక్కువ కనిపించాయి. చేస్ ఒక్కడే నాలుగు టచ్‌డౌన్లు, 229 యార్డులు. కానీ ఆ స్థాయి జట్టుకి 38 పాయింట్లు ఇవ్వడం మీద ఊళ్ళో గొణుగుడు మొదలైంది, అందులో న్యాయం ఉంది. అక్టోబరు 5న యూటా స్టేట్ మీద 42-6. పొద్దున 11 గంటల మ్యాచ్‌లకి వెళ్ళేవాళ్ళు టోపీ, రెండు లీటర్ల నీళ్ళ లెక్క మర్చిపోవద్దు. మధ్యాహ్నం దాటాక ఎండ ఎదురుగా కొట్టే తూర్పు వైపు సీట్లు చవకగా దొరకడానికి కారణం అదే.

అక్టోబరు 12, బేటన్ రూజ్

ఫ్లోరిడా వచ్చింది, రాత్రి మ్యాచ్. విరామానికి 21-21, మూడో పావులో ఫ్లోరిడా 28-21తో ముందు. ఎల్‌ఎస్‌యూ గెలుపు 42-28. బరో 24 పాసులు వేస్తే 21 చేరాయి. బంతి మోసుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్ 13 పరుగుల్లో 134 యార్డులు తీశాడు. పక్కల నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఫ్లోరిడా ఎడ్జ్ రషర్లు గాయాల నుంచి పూర్తిగా కోలుకోలేదు, బరో ఒక్కసారి కూడా నేల మీద పడలేదు. పడకపోతే ఏమవుతుందో ఆ 21/24 చెబుతుంది.

మ్యాచ్ అయ్యాక యూనివర్సిటీ చుట్టూ రోడ్లన్నీ ఒకే దిశలో నడిపిస్తారు. మీరు దక్షిణాన పార్క్ చేస్తే దక్షిణానికే పోవాలి, హోటల్ ఉత్తరాన ఉన్నా సరే. కాబట్టి వచ్చేటప్పుడే వెళ్ళే దిక్కు చూసుకుని కారు పెట్టాలి.

అక్టోబరు 19, స్టార్క్‌విల్, మిసిసిపీ

జాక్సన్ మీదుగా దాదాపు 300 మైళ్ళు. జాక్సన్ దాటాక 25 నంబరు రోడ్డులో పెట్రోలు బంకులు అరుదు, ముందే నింపుకోవాలి. మిసిసిపీ స్టేట్ అభిమానులు చేతి గంటలతో వస్తారు. బంతి అందించే సెంటర్ దాని మీద వంగాక మోగించకూడదని కాన్ఫరెన్స్ (ఈ జట్ల లీగ్) నియమం. ఎంతమంది పాటిస్తారో చెవులకే తెలుస్తుంది. చెవి ప్లగ్గులు తెచ్చుకోండి, పిల్లలకైతే తప్పనిసరి. ఆ హోరులో క్వార్టర్‌బ్యాక్ కేక లైన్‌కి వినబడదు కాబట్టి నోటి లెక్క మానేస్తారు. గార్డ్ వెనక్కి చూస్తుంటాడు, బరో కాలు ఎత్తగానే అతను సెంటర్‌ని తడతాడు, ఒక క్షణం ఆగి సెంటర్ బంతి ఇస్తాడు. ఆ క్షణాన్ని అవతలివాళ్ళు పట్టేస్తే అందరికంటే ముందు కదులుతారు. అందుకే ఆ విరామాన్ని మారుస్తూ ఉండాలి.

36-13. బరో 29వ టచ్‌డౌన్ పాస్‌తో ఎల్‌ఎస్‌యూ ఒక సీజన్ రికార్డు దాటేశాడు, అప్పటికింకా ఏడు మ్యాచ్‌లే.

అక్టోబరు 26, బేటన్ రూజ్

ఈ సీజన్‌లో ఒక్క మ్యాచే మళ్ళీ చూడాలంటే అందరూ అలబామా అంటారు. ఆట అర్థం కావాలంటే చూడాల్సింది మాత్రం ఆబర్న్ మ్యాచ్. ఎల్‌ఎస్‌యూకి ముచ్చెమటలు పట్టించింది వాళ్ళే.

ఆబర్న్ డిఫెన్స్ కోఆర్డినేటర్ కెవిన్ స్టీల్ మిగతావాళ్ళలా బ్లిట్జ్ చేయలేదు. ముగ్గురినే ముందుకి పంపి, ఎనిమిది మందిని వెనక్కి తీశాడు. ఐదుగురు రిసీవర్ల చుట్టూ ఎనిమిది మంది కాపలా. బరో చూసిన మొదటి దారి మూసి ఉంటుంది, రెండోదీ మూసే ఉంటుంది, బంతి చేతిలోనే మిగులుతుంది. అంతలో డెరిక్ బ్రౌన్ లాంటి కొండ ముగ్గురిలో ఒకడై వచ్చేస్తాడు. విరామానికి 10-10, తర్వాత ఆబర్న్ 13-10. టెక్సస్ మీద 45 కొట్టిన అఫెన్స్ పప్పులు ఇక్కడ ఉడకలేదు.

దీనికి విరుగుడు కొత్తదేం కాదు. అవతల ముందు ముగ్గురే ఉంటే మన ఐదుగురు లైన్‌మెన్‌దే పైచేయి, బంతి పరుగెత్తించడమే. ఎడ్వర్డ్స్-హెలేర్ 26 సార్లు మోసి 136 యార్డులు తెచ్చాడు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, లైన్‌మెన్ వెనకాల కనబడనే కనబడడు. డిఫెండర్ చూసేసరికి ఐదు యార్డులు అయిపోతాయి. పరుగు ఆపడానికి ఆబర్న్ మనుషుల్ని ముందుకి తేక తప్పలేదు, అప్పుడు పాసులకి చోటు దొరికింది. 23-20. చివర్లో బంతి తిరిగి దక్కించుకోడానికి ఆబర్న్ కొట్టిన పొట్టి కిక్ (ఆన్‌సైడ్ కిక్) ఎల్‌ఎస్‌యూ చేతికే చిక్కింది. బ్రేడీ పాస్ పథకాల గురించి రాసినవాళ్ళు ఈ మ్యాచ్ దగ్గర ఎన్స్‌మింగర్ పాత పరుగు పాఠాన్ని మర్చిపోతారు.

నవంబరు 9, టస్కలూసా

విమానంలో వచ్చేవాళ్ళకి బర్మింగ్‌హామ్ దగ్గర, అక్కడి నుంచి 60 మైళ్ళు. ఊళ్ళో హోటళ్ళు పెద్ద మ్యాచ్ వారాంతంలో రెండు రాత్రులకి తక్కువ ఇవ్వవు. ఒక్క రాత్రే కావాలంటే బర్మింగ్‌హామ్‌లోనే దిగాలి. ఆ శనివారం అధ్యక్షుడు ట్రంప్ కూడా రావడంతో గేట్ల దగ్గర లోహ పరీక్ష వరుసలు పొడుగయ్యాయి. మధ్యాహ్నం 2:30 మ్యాచ్‌కి గంట ముందు చేరినవాళ్ళు మొదటి పావు బయటే వినాల్సి వచ్చేది.

2011 నవంబరులో 9-6తో గెలిచాక ఎల్‌ఎస్‌యూ అలబామా చేతిలో వరసగా ఎనిమిదిసార్లు ఓడింది. వాటిలో మొదటిది జాతీయ ఫైనలే. అలబామా క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా చీలమండ ఆపరేషన్ అయి మూడు వారాలే. మొదటి దాడిలోనే గోల్ లైన్ దగ్గరికి పరుగెత్తుతూ, ఎవరూ తాకకుండానే బంతి జారవిడిచాడు.

అసలు దెబ్బ విరామానికి ముందు 26 సెకన్లలో పడింది. ఎల్‌ఎస్‌యూ టచ్‌డౌన్ చేసి 26-13కి చేరింది. అలబామా మోకాలు నేలకి ఆనించి ఆట ఆపేసి, మిగిలిన సెకన్లు గడిపి లోపలికి పోవచ్చు, కానీ పాస్ వేసింది. లైన్‌బ్యాకర్ ప్యాట్రిక్ క్వీన్ దాన్ని పట్టేశాడు. వెంటనే ఎడ్వర్డ్స్-హెలేర్‌కి 13 యార్డుల పాస్, మరో టచ్‌డౌన్, ఆరు సెకన్లు మిగిలాయి. 33-13.

అయినా అలబామా వదల్లేదు, నాలుగో పావులో 33-27కి దగ్గరైంది. అక్కడ ఎల్‌ఎస్‌యూ కంగారు పడి పాసుల మీద పాసులు వేసి ఉంటే గడియారం ఆగుతూ ప్రత్యర్థికే పనికొచ్చేది. పరుగూ పాసూ కలిపి నిదానంగా మైదానమంతా నడిచి 39-27 చేసింది. మళ్ళీ 39-34 అయ్యాక మళ్ళీ అదే పని, 46-34. చివర్లో డెవాంటా స్మిత్ 85 యార్డుల టచ్‌డౌన్‌తో 46-41. బరో మళ్ళీ 31/39, ఈసారి 393 యార్డులు. ఆటగాళ్ళు ఎడ్వర్డ్స్-హెలేర్‌ని మోసుకెళ్ళినా తప్పులేదు: నాలుగు టచ్‌డౌన్లు, 103 పరుగు యార్డులు.

నవంబరు 16, ఆక్స్‌ఫర్డ్, మిసిసిపీ

ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) క్యాంపస్‌లో ది గ్రోవ్ అనే పదెకరాల తోట ఉంది. వరసగా డేరాలు, బల్లల మీద తెల్లగుడ్డలు, వెండి పళ్ళేలు, కొన్నిట్లో షాండ్లియర్లు కూడా. అక్కడ మంట పెట్టి వండకూడదు, వండినదే తేవాలి. బేటన్ రూజ్ నుంచి జంబలాయా మూకుడుతో వచ్చేవాళ్ళు గమనించాలి.

58-37 గెలుపే, కానీ డిఫెన్స్ పరువు పోయింది. ఓల్ మిస్ కొత్త కుర్రాడు జాన్ రైస్ ప్లమ్లీ క్వార్టర్‌బ్యాక్‌గా తనే పరుగెత్తి 212 యార్డులు తీశాడు. జట్టు మొత్తం పరుగులో 400 దాటింది. జరిగిన తప్పు ఒక్కటే: బంతి వెనకాల ఉన్నవాడికి ఇచ్చినట్టు చూపించి క్వార్టర్‌బ్యాకే ఉంచుకుంటుంటే, చివరనున్న డిఫెండర్ ప్రతిసారీ లోపలికి వంగాడు, బయటి దారి ఖాళీ. ఎవరు ఎవరిని చూడాలో తేలనప్పుడు ఇద్దరూ ఒకరి మీదే పడతారు. డిఫెన్స్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా తర్వాతి వారాల్లో దీన్ని సరిచేశాడనడానికి స్కోర్లే సాక్ష్యం. ఆర్కన్సా 20, నవంబరు 30న టెక్సస్ ఏ అండ్ ఎమ్ 7. ఆ 50-7 ముందు ఏడాది ఏడు ఓవర్‌టైమ్‌లలో 74-72తో ఓడినదానికి వడ్డీతో సహా బదులు.

డిసెంబరు 7, అట్లాంటా

అలబామా నుంచి జార్జియా సరిహద్దు దాటగానే గడియారం గంట ముందుకి పోతుంది, కారులో వచ్చేవాళ్ళు లెక్క వేసుకోవాలి. విమానాశ్రయం నుంచి మార్టా రైలెక్కి ఫైవ్ పాయింట్స్‌లో మారితే మెర్సిడెస్-బెంజ్ స్టేడియం పక్కనే దిగొచ్చు. అప్పటి టికెట్ రెండున్నర డాలర్లు. కారు తెచ్చుకుంటే పార్కింగ్‌కే దానికి పదింతలు. లోపల తిండి ధరలు మాత్రం ఈ దేశంలోని స్టేడియాల్లో వింతే. అప్పట్లో సోడా రెండు డాలర్లు, కప్పు ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు.

కాన్ఫరెన్స్ ఫైనల్, జార్జియా మీద 37-10. ఒకసారి బరో ఇద్దరు రషర్ల మధ్య నుంచి తప్పించుకుని కుడికి పరుగెడుతూ జెఫర్సన్‌కి వేసిన పాస్ 71 యార్డులు పోయింది. ఈ గెలుపు ఎల్‌ఎస్‌యూని ఒహాయో స్టేట్ కంటే పైకి, జాతీయ విజేతని తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో మొదటి స్థానానికి చేర్చింది. దాని విలువ ఎంతంటే, సెమీస్‌లో క్లెమ్సన్ తప్పి ఓక్లహోమా ఎదురైంది.

వారం తర్వాత న్యూయార్క్‌లో బరోకి హైస్‌మన్ ట్రోఫీ, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చేది. 841 మొదటి స్థానం ఓట్లు. ప్రసంగంలో ఒహాయోలోని తన ఏథెన్స్ ప్రాంతంలో ఆకలితో బడికెళ్ళే పిల్లల మాట ఎత్తాడు. కొద్ది రోజుల్లో అక్కడి ఆహార నిధికి 5 లక్షల డాలర్ల పైన చేరాయి.

డిసెంబరు 28, మళ్ళీ అట్లాంటా

పీచ్ బౌల్ సెమీఫైనల్. ఓక్లహోమా మీద విరామానికే 49-14. బరో ఒక్క సగంలో ఏడు టచ్‌డౌన్ పాసులు, అందులో నాలుగు జెఫర్సన్‌కే. 63-28. రెండో సగానికి కూర్చోవడం టికెట్ డబ్బుల మీద మమకారమే.

జనవరి 13, 2020, సోమవారం, న్యూ ఆర్లీన్స్

జాతీయ ఫైనల్, సూపర్‌డోమ్ స్టేడియంలో క్లెమ్సన్‌తో. బేటన్ రూజ్ నుంచి 80 మైళ్ళు, అందులో కొంత దారి చిత్తడి మీద ఎత్తైన వంతెనే. ఎల్‌ఎస్‌యూకి ఇది సొంత రాష్ట్రం, స్టాండ్స్ చూస్తే ఎవరికీ అనుమానం రాదు: 76,885 మందిలో క్లెమ్సన్ నారింజ రంగు ఒక మూలకి పరిమితం. డౌన్‌టౌన్‌లో పార్కింగ్ కోసం తిరగడం దండగ, దూరంగా పెట్టి కెనాల్ స్ట్రీట్ ట్రామ్‌లో వచ్చి పది పదిహేను నిమిషాలు నడవాలి. కిక్ సాయంత్రం 7 దాటాక. అంటే తెలుగు ఇళ్ళలో మంగళవారం పొద్దున ఆరున్నర దాటాక, భోగి మంటలు అప్పుడే చల్లారుతుంటాయి.

క్లెమ్సన్ 29 మ్యాచ్‌లు వరసగా గెలిచి వచ్చింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ కాలేజీలో మొదటి నుంచి ఆడిన మ్యాచ్ ఒక్కటీ ఓడలేదు. డిఫెన్స్ పథకం కోఆర్డినేటర్ బ్రెంట్ వెనబుల్స్‌ది. వెనక కాపలా కాసే ముగ్గురు సేఫ్టీలని పరిచి, స్నాప్ (సెంటర్ బంతి అందించే క్షణం) దాకా ఎవరు వస్తారో ఎవరు వెనక్కి పోతారో తెలియకుండా కదిలిస్తూ, అనుకోని దిక్కు నుంచి బ్లిట్జ్. పైగా వాళ్ళ పంట్‌లు ఎల్‌ఎస్‌యూని సొంత గోల్ లైన్ పక్కనే నిలబెట్టాయి. అక్కడ ఐదుగురిని పరచడానికి ధైర్యం చాలదు. మొదట్లో ఎల్‌ఎస్‌యూ పంట్ మీద పంట్ కొట్టింది. రెండో పావులో 17-7తో వెనకబడింది.

తాళం తీసింది జమార్ చేస్. బ్లిట్జ్‌కి మనుషుల్ని పంపితే రిసీవర్‌ని కాసే కార్నర్ ఒంటరిగా మిగులుతాడు. ఇక్కడ ఆ కార్నర్ ఎ.జె. టెరెల్. చేస్ నేరుగా పరుగెత్తి మొదట 52 యార్డుల టచ్‌డౌన్ తీశాడు, మళ్ళీ అదే దారి, మళ్ళీ అదే. మొత్తం 9 క్యాచ్‌లు, 221 యార్డులు. సాయం పంపితే బ్లిట్జ్‌కి మనిషి తగ్గుతాడు, పంపకపోతే చేస్ దాటిపోతాడు. విరామానికి ముందు 95 యార్డుల దాడి థాడియస్ మాస్ పట్టిన బంతితో ముగిసి 28-17. మూడో పావు మొదట్లో 28-25కి వచ్చింది క్లెమ్సన్, అంతే, ఆ తర్వాత ఒక్క పాయింటూ చేయలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చిల్లులు పడిన డిఫెన్స్ ఇదే. 42-25. బరో 463 యార్డులు, ఐదు పాస్ టచ్‌డౌన్లు, తను పరుగెత్తింది ఇంకొకటి. సీజన్ మొత్తం 60 టచ్‌డౌన్ పాసులు, 5,671 యార్డులు. జట్టు 15-0, 726 పాయింట్లు.

జనవరి 18, బేటన్ రూజ్

క్యాంపస్ వీధుల్లో ఊరేగింపు. అప్పటికే అరాండా బేలర్‌కి హెడ్ కోచ్‌గా, బ్రేడీ ప్రొఫెషనల్ జట్టు కరోలినా పాంథర్స్‌కి వెళ్ళిపోయారు. ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 14 మంది ఎంపికయ్యారు, బరో అందరికంటే ముందు సిన్సినాటికి. చేస్ ఇంకో ఏడాది ఉండాల్సినవాడు, ఆ సీజన్ ఆడనన్నాడు. 2020లో ఎల్‌ఎస్‌యూ ఐదు గెలిచి ఐదు ఓడింది.